శుక్రవారం కడగని నేల

చిక్కడపల్లి,
12 జులై 1998

సంధ్యకు,

వదిన ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ బాగున్నారని, మొన్న రమాకాంత్ ఆఫీసు నుంచి మీ పక్కింటి కృష్ణయ్య గారికి ఫోన్ కలిపినప్పుడు తెలిసింది. నీ తమ్ముడు రోజంతా ఆపరేటర్ కుర్చీలో కూర్చుని ఊరందరికీ ఫోన్లు కలుపుతాడు, ఇంటికొచ్చి ముక్తసరిగా రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు. అందుకే అసలు సంగతి నేను రాస్తున్నాను.

మన హాల్లోనూ రెండు గదుల్లోనూ చెక్కనేల వేయించాము. లామినేట్ అంటారట. హిమాయత్‌నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక షాపులో చూసి మనసు పారేసుకున్నాను. మీ అన్నయ్యను ఒప్పించడానికి ఎండాకాలమంతా పట్టింది. పాత షాబాదు బండలు తవ్వే పని లేదు. వాటి మీదే పల్చటి షీటు పరిచి, పలకలు ఒకదానికొకటి బిగించుకుంటూ పోయారు. నేల ఎత్తు పెరిగిందని తలుపుల అడుగున కాస్త కోశారు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆ బండల సందుల్లో మట్టిని పుల్లతో గీకి గీకి నా నడుము పడిపోయింది. ఇప్పుడు సందులే లేవు. చేత్తో నిమిరితే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎక్కడా ఆగదు. మేడ మీద కిరాయికుండి పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలు కూడా దిగొచ్చి చూసి పోయారు.

ఒకటే షరతు, నీళ్లు తగలకూడదు. ఫిట్టింగ్ చేసిన మనిషి పోతూ పోతూ చెప్పాడు: "అమ్మా, పిండిన బట్టతోనే తుడువాలె. బకెట్ పోసి కడిగిన్రనుకో, అంచులు లేస్తయి. లేసినయంటే మళ్ల కూసోవు." రమాకాంత్ కుర్చీలో కూర్చుని అంతా విని, "ఒక్కసారి పడితెనే లేస్తయా అన్నా, రోజు పడాల్నా?" అని అడిగాడు. చూపు లేని మనిషికి ఉన్న జాగ్రత్త చూపున్నవాళ్లకు ఉంటే ఎంత బాగుండును! ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు. కాకపోతే బతుకమ్మకు వచ్చినప్పుడు శుక్రవారం కదా అని మీ అమ్మగారిలా ఇల్లంతా కడిగేయకు. గడప వరకే నీ రాజ్యం.

మీ ఆయనను అడిగానని చెప్పు.

వదిన,
నర్మద


మంచిర్యాల,
21 జులై 1998

వదినకు నమస్కారం.

కృష్ణయ్య గారింట్లో ఫోన్ ఉంది గానీ, వాళ్ల హాల్లో నిలబడి నిన్ను తిట్టలేను. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

రమాకాంత్ బయటికి వెళ్లాలంటే చేతికి కర్ర కావాలి. ఇంట్లో వాడు కర్ర పట్టుకోగా ఎన్నడైనా చూశావా? ఎందుకు పట్టుకోలేదో ఒక్కసారైనా ఆలోచించావా? ఆ బండల సందులన్నీ వాడి అరికాళ్లకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ వాడి వేలు పట్టుకుని తిప్పేది. "ఇది పగిలిన బండ బిడ్డా, ఇక్కడ ఎడమకు తిరిగితె వంటిల్లు. ఇది గుంత బండ, ఇగ ముంగట గడప ఉన్నది" అంటూ అడుగడుగూ నేర్పింది. తర్వాత వాడు ఆ ఇంట్లో పరుగెత్తాడు. నీ పెళ్లి మాటలకు మన ఇంటికి వచ్చిన నాడు మీ వాళ్లకు మంచినీళ్లు తెచ్చిచ్చింది వాడే. చూపు లేని పిల్లాడని మీ నాన్న చాలాసేపు గుర్తుపట్టలేదు. అలాంటి నేలను కప్పేసి, సందులే లేవని నాకు గొప్పగా రాశావు.

మొన్న ఫోన్‌లో "ఎట్లున్నవ్ రా" అని అడిగాను. "మంచిగనే ఉన్న అక్కా, ఇల్లే జర కొత్తగయింది" అని నవ్వాడు. దెబ్బ తగిలినప్పుడల్లా వాడు అలాగే నవ్వుతాడు.

నాకు తోచింది రాస్తున్నాను, పడితే పడు. ఇంట్లో తిరగడం చేతకాకపోతే కొన్నాళ్లకు వాడే "హాస్టల్‌లో ఉంటా" అంటాడు. మీకు గది ఖాళీ అవుతుంది, వాణ్ని ఎవరూ పొమ్మన్నట్టూ ఉండదు. అంత దూరం ఆలోచించలేదంటావా? ఆలోచించకుండానే చేశానంటే నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది.

సంధ్య


చిక్కడపల్లి,
30 జులై 1998

సంధ్యకు ఆశీస్సులు. అలవాటు కొద్దీ రాశాను, మనసారా కాదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చూపించలేదు. చూపిస్తే ఆయన అన్నం మీద అలుగుతారు, వండింది నేనే పారబోసుకోవాలి. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. నువ్వు ఆ మిగిలిన సగం కూడా తీసేసుకున్నావు.

గది ఖాళీ చేయించడానికి నేల వేయించానా? నీ తమ్ముడికి పొద్దున్నే టిఫిన్ కట్టేది ఎవరు? వాన పడితే గొడుగు పట్టుకుని నారాయణగూడ బస్టాపుకు వెళ్లి నిలబడేది ఎవరు? నువ్వు పండక్కి సకినాల డబ్బాతో దిగుతావు, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చిన్ననాటి ముచ్చట్లు చెబుతావు, రైలెక్కి వెళ్లిపోతావు. దూరపు కొండలు నునుపు తల్లీ. ఎక్కేవాళ్లకు తెలుస్తుంది రాళ్ల సంగతి.

వాణ్ని అడగలేదని కూడా అనకు. "ఏం రమాకాంత్, నేల ఎట్లుంది?" అన్నాను. "మెత్తగున్నది వదినా" అన్నాడు. గోడ పట్టుకుని నడుస్తున్న మాట నిజమే. కొత్త సున్నం మీద నడుమెత్తున చేతి మరకలు పడితే ఏమీ అనకుండా తుడుచుకుంటున్నాను. మొన్న సోఫా మూల మోకాలికి తగిలింది. రక్తమేమీ రాలేదు.

ఈ ఇంట్లో మంచం మీ అమ్మది. బీరువా మీ అమ్మది. గోడ గడియారం మీ నాన్నది. వంటింట్లో గరిటె మీద కూడా మీ తాత పేరే చెక్కి ఉంది. ఇన్నేళ్లకు నేను కోరి తెచ్చుకున్నది ఈ నేల ఒక్కటి. దాన్ని కూడా మీ అమ్మ వేలు పట్టుకుని తిప్పిన చోటంటే, ఇక నేనెక్కడ నిలబడాలి?

అంత ప్రేమ పొంగుతుంటే వచ్చి తీసుకెళ్లు నీ తమ్ముణ్ని. మీ ఇంట్లో బండలే కదా.

నర్మద


మంచిర్యాల,
4 ఆగస్టు 1998

నర్మద గారికి,

ఇకనుంచి మిమ్మల్ని మీరు అనే రాస్తాను. దగ్గరివాళ్లతోనే కదా నువ్వు అనేది.

రాఖీలు పంపుతున్నాను. ఎర్రది అన్నయ్యకు. గింజలు కుట్టినది రమాకాంత్‌కు, వేలితో తడిమితే తగలాలని ఏరి తెచ్చాను. రెండూ మార్చి కట్టకండి.

మోకాలికి తగిలింది, రక్తం రాలేదని రాశారు. రక్తం వస్తేనే దెబ్బా? పుట్టి పెరిగిన ఇంట్లో సోఫా ఎక్కడుందో తెలియకపోవడం దెబ్బ కాదా? మీకు ఈ సంగతి ఎలా చెబితే అర్థమవుతుందో నాకు తెలియడం లేదు. మీ వంటింట్లో డబ్బాలన్నీ ఎవరో వచ్చి ఒక్క రాత్రిలో అటూ ఇటూ మార్చేసి, మూతలు బిగించి, కళ్లకు గంతలు కట్టి వంట చేయమంటే ఎలా ఉంటుందో చూడండి. "మెత్తగున్నది" అని వాడు అన్నాడంటే, మీరు బాధపడకూడదని అన్నాడు. ఆ మాత్రం కూడా పోల్చుకోలేని మనిషి వాడికి టిఫిన్ కట్టి ఏం లాభం?

తీసుకెళ్లమన్నారు. సరే, బతుకమ్మకు వస్తాను. పోయేటప్పుడు వాణ్ని వెంటబెట్టుకునే పోతాను. మా ఆయనతో మాట్లాడాను, సరేనన్నారు. ఉద్యోగం ఏమవుతుందని అడగకండి, అది మేము చూసుకుంటాం. ఎలా చూసుకుంటామో నాకూ తెలియదు, అయినా చూసుకుంటాం.

గరిటె మీద తాత పేరు గుచ్చుకుంటుంటే అది కూడా మూట కట్టి పెట్టండి.

సంధ్య


చిక్కడపల్లి,
14 అక్టోబర్ 1998

సంధ్యకు,

ఈసారి ఆశీస్సులు లేవు.

నువ్వు వచ్చావు, బతుకమ్మ ఆడావు, నా చేతి వంట తిని వంకలు పెట్టావు, వెళ్లావు. అదంతా పడ్డాను. కానీ ఇది పడలేను. నా నేల నాశనమైంది. రమాకాంత్ గది గుమ్మం నుంచి వీధి తలుపు దాకా పలకల అంచులన్నీ ఉబ్బి లేచాయి. చెయ్యి పెడితే ప్రతి అతుకూ తగులుతోంది. దారికి అటూ ఇటూ ఉన్న పలకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. షాపు మనిషి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని తట్టి చూశాడు. "ఇది ఒక్కనాటి పని గాదమ్మా. మళ్ల మళ్ల పోసిన్రు. మా తప్పేం లేదు" అని లేచిపోయాడు.

ముందు పనిమనిషి బుగ్గమ్మే అనుకుని గట్టిగా అరిచాను. "నా పిల్లల మీద ఒట్టమ్మా, సుక్క నీళ్లు పొయ్యలే. పాలమూరుల మా ఇంట్ల మట్టి నేల, గదాన్ని గూడ గిట్ల తడపం. చిన్నసారు తువ్వాల మాత్రం పొద్దుగాల తడిగ ఉంటున్నది, ఎందుకో నాకేమెరుక" అంటూ ఏడుస్తూ ఏదేదో చెప్పింది. పని మానిపించేశాను.

అప్పుడు మీ అన్నయ్య అన్నారు: "సంధ్య ఉన్నన్ని దినాలు పొద్దుగాల నీళ్ల సప్పుడు ఇనబడ్డది." నాకు అంతా వెలిగింది. శుక్రవారం తెల్లవారుతూనే బకెట్ పెట్టుకుని గడప దగ్గర కూర్చున్నది నువ్వే. తమ్ముడు నీ వెంట రానన్నాడు, ఆ కసి నా నేల మీద తీర్చుకున్నావు. బుగ్గమ్మ ఉసురు కూడా నీకే తగులుతుంది.

ఇంకొక మాట విను. నీ తమ్ముడు ఇప్పుడు గోడ పట్టుకోవడం లేదు. గదిలోంచి వీధి తలుపు దాకా నేరుగా, తల ఎత్తుకుని నడుస్తున్నాడు. చూశావా? అలవాటు కావడానికి కొంచెం రోజులు పట్టింది, అంతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?

నర్మద


మంచిర్యాల,
22 అక్టోబర్ 1998

నర్మద గారికి,

దీపావళి నాడు మా ఇంట్లో ఒక్క ప్రమిదే వెలిగించాను. మీ ఉత్తరం వెనకే అన్నయ్య ఉత్తరం కూడా వచ్చింది. "కొన్నాళ్లు ఈ ఇంటికి నువ్వు రాకుంటేనే మంచిది" అని రాశాడు. అన్నయ్య చేతిరాతతో ఆ మాట చదివాక నాకు అన్నం దిగలేదు. పుట్టింటి గడప లేకుండా చేశారు నాకు. మీ నేల కంటే ఖరీదైనదే తీసుకున్నారు.

నేను నీళ్లు పోయలేదు. గడప కడిగాను, పసుపు రాశాను, ముగ్గు వేశాను. లోపలికి చుక్క రానివ్వలేదు. గడప వరకు నా రాజ్యమని మీరే రాసిచ్చారు కదా. పోయలేదు గానీ, ఇంత మాట పడ్డాక పోసి ఉంటేనే బాగుండేదనిపిస్తోంది.

వాడు నా వెంట రాకపోవడానికి మీరే కారణం. సికింద్రాబాద్ స్టేషన్‌లో నా పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. "నీకూ టికెట్ తీసుకుంట, ఎక్కురా" అని చెయ్యి పట్టుకుని అడిగాను. "ఇప్పుడు గాదక్కా, ఇంట్ల జర పని మిగిలింది" అన్నాడు. ఎప్పటిలాగే నవ్వాడు. వాడికి మీ ఇంట్లో ఏం పని మిగిలింది? మరకలు పడ్డ గోడలు తుడిపిస్తున్నారా? ఏం చెప్పి బెదిరించారో నాకు తెలియాలి.

బుగ్గమ్మను తీసేశారట. నింద వేయడానికి ఒక మనిషి చాలలేదు మీకు. ముందు దాని మీద వేశారు, తర్వాత నా మీద. మూడోసారి ఎవరి మీద వేస్తారో కాస్త చూసి వేయండి. ఇంట్లో ఇక మనుషులు మిగల్లేదు.

సంధ్య


చిక్కడపల్లి,
7 నవంబర్ 1998

సంధ్యకు,

పైన ఆశీస్సులు రాయాలో వద్దో తేల్చుకోలేక ఖాళీగా వదిలేశాను. ఇది చదివి చించెయ్యి.

నిన్న శుక్రవారం కార్తీక దీపం పెడదామని రోజూ కంటే ముందే లేచాను. హాల్లో నీళ్ల చప్పుడు వినిపించింది. బుగ్గమ్మ లేదు, నువ్వు లేవు. చప్పుడు చేయకుండా గుమ్మంలో నిలబడి చూశాను. రమాకాంత్ గొంతుకూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో చెంబు. రెండో చేతి వేళ్లతో పలకల అతుకు వెతికి, దాని పొడుగునా సన్నటి ధార పోస్తున్నాడు. కాసేపు ఆగి తువ్వాలతో అద్దుతున్నాడు. మళ్లీ తర్వాతి అతుకు. నారుమడి తడుపుతున్నవాడిలా ఎంతో నిదానంగా ఉన్నాడు.

నాకు ముందు వచ్చింది కోపమే. ఆ చెంబు లాక్కుని వాడి నెత్తిన ఒకటి వేద్దామనుకున్నాను. గాజులు కదిలాయేమో, తలెత్తకుండానే అన్నాడు: "వదినా, జర లైటు వేసుకో. తడున్నది, జారుతవ్."

"నువ్వేనారా?"

"నేనే. ముంగటి తలుపు దాక అయిపోయింది. వంటింటి దిక్కు మిగిలింది."

"పాడైతదని తెల్వదా నీకు?"

"తెలుసు వదినా. నువ్వెంత ముచ్చటపడి వేయించుకున్నవో గూడ తెలుసు. అందుకే నేను నడిచేకాడికే పోసిన. పక్కకు పోనియ్యలే."

"నాతోని ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

"బండలు కప్పెటప్పుడు నువ్వు నాతోని చెప్పినవా?"

నేను వెళ్లి లైటు వేశాను. వాడే అన్నాడు: "గోడ పట్టుకొని నడుస్తుంటె మన ఇంట్ల నేను సుట్టం లెక్క అయిన వదినా. ఎవరన్న పిలిస్తె లేవాలంటె భయం. అక్క రమ్మన్నది. పోతె అక్కడ గూడ సుట్టాన్నే గద. ఈ ఇంట్లనే నాకు తొవ్వ కావాలె."

బుగ్గమ్మను తీసేసిన రోజు, నీ మీద నింద పడిన రోజు నోరెందుకు విప్పలేదని నిలదీశాను. "చెప్తే పని ఆగిపోతుండె. అది మాత్రం నాది తప్పే" అని తలదించుకున్నాడు. నిన్న సాయంత్రమే అడిక్‌మెట్ బస్తీకి వెళ్లి బుగ్గమ్మను పిలిచాను. అది నన్ను గుడిసె ముందు నిలబెట్టి, చుట్టూ జనం వినేలా కడిగిపారేసింది. పడ్డాను. సోమవారం నుంచి వస్తానంది.

చెంబు సంగతి చెప్పలేదు కదా. "జరుగు" అన్నాను వాడితో. చెంబు నేను తీసుకుని వంటింటి వైపు మొదటి అతుకు మీద పోశాను. ఎండాకాలమంతా మొగుణ్ని బతిమాలి తెచ్చుకున్న నేల, రోజూ చేత్తో నిమిరి చూసుకున్న నేల. దాని మీద నా చేత్తో నేనే నీళ్లు పోసుకున్నాను. పైగా "గంత గనం పొయ్యకు వదినా, అంచుకే" అని వాడు నాకు పని నేర్పుతున్నాడు! ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, నువ్వు ఇంకేదో ఊహించుకోకు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, మీ అన్నయ్య కొత్త పలకలు తెప్పించి ఆ దారి మార్పిస్తానంటున్నారు. నాకొద్దన్నాను. ఎందుకంటే ఏం చెప్పను? "మళ్ల మీ చెల్లె వస్తది, మళ్ల పోస్తది, ఎందుకు దండుగ" అన్నాను. ఆ మాటతో ఆగారు. నిజం చెబితే నీ మీద నింద పోతుంది, మీ ఇంటి గడప నీకు తెరుచుకుంటుంది. కానీ ఆయన సంగతి నీకు తెలుసు. తమ్ముడికి నాలుగు నీతులు చెప్పి, పలకలన్నీ కొత్తవి వేయించి, చెంబులు దాచిపెడతారు. వాడు మళ్లీ గోడ పట్టుకుంటాడు. చెప్పమంటావా, వద్దా? నువ్వు చెప్పమంటే ఆయన ముందు నిలబడి చెప్పేస్తాను. నీకు బాకీ ఉండటం నాకు ఇష్టం లేదు.

నర్మద


మంచిర్యాల,
14 నవంబర్ 1998

వదినకు నమస్కారం.

చెప్పకు.

అన్నయ్యకు నేనే రాశాను. కవరులో పెట్టలేదు, కార్డు మీదే రాశాను, మీ పోస్ట్‌మ్యాన్‌తో సహా దారిలో అందరూ చదువుకోనీ. "నీళ్లు పోసింది నేనే. తప్పయిందని మాత్రం అనను. కొత్తవి వేయిస్తే మళ్లీ వచ్చి పోస్తాను" అని రాశాను. అన్నయ్య ఇక నన్ను ఎప్పుడు రానిస్తాడో నాకు తెలియదు. రాశాక కాసేపు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. వచ్చే బతుకమ్మకు కూడా కోపం తగ్గకపోతే, వచ్చి గడప కడిగి, ముగ్గు వేసి, బయటి నుంచి బయటికే వెళ్లిపోతాను.

నిన్ను క్షమించానని అనుకోకు. అడగకుండా కప్పావు. నేను కూడా వాణ్ని అడగకుండానే తీసుకుపోతానన్నానని నువ్వు ఎత్తిపొడుస్తావు. ఎత్తిపొడవకు, నాకే తెలుసు.

నీకు పని నేర్పానని వాడు సంబరపడుతుంటాడు గానీ, మీరిద్దరూ ఒకటి మరిచిపోయారు. వంటింటికి తిరిగే ముందు కుడిచేతి వైపు దేవుడి గది. అమ్మ ఫోటో అక్కడే ఉంది. స్నానం కాగానే వాడు ముందు అక్కడికే వెళ్తాడు. వచ్చే శుక్రవారం అటు కూడా నాలుగు చెంబులు పొయ్యి. పేరు ఎలాగూ నాదే.

సంధ్య